సిక్ సరే, ఫిట్ ఎవరిస్తారు?

చదువులో వెనకబడడమంత అదృష్టం ఈ లోకంలో ఇంకొకటి లేదు! తెలివైన పిల్లలున్న తల్లిదండ్రులను చూస్తే నిజంగా జాలేస్తుంది. పాపం, వాళ్ళ కోసం సర్కారు చేయగలిగింది ఏమీ లేదు.

నమ్మబుద్ధి కావడం లేదా? అయితే బెంగాల్‌లో ఖరగ్‌పూర్ వెళ్ళి, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో జగ్గారావు ఇల్లెక్కడని అడగండి. రైల్వేలో ఫిట్టరు. మనిషి నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోడు, ఒకరి చేత మాట పడడు. అలాంటివాడికి భగవంతుడు ఒకే ఒక్క శిక్ష వేశాడు. క్లాసులో ఫస్టు వచ్చే కూతుర్నిచ్చాడు.

ఇది అరవైల్లో సంగతి. ఆ రోజుల్లో బడి పిల్లల చదువు చూసి సర్కారువారి గుండె తరుక్కుపోయింది. గుండె తరుక్కుపోతే మీరూ నేనూ ఏం చేస్తాం? గ్లాసుడు మంచినీళ్ళు తాగి పడుకుంటాం. సర్కారువారు అలా పడుకోరు, చట్టం చేస్తారు. చేశారు కూడా. సర్కారు సాయం పొందే ప్రతి బడిలోనూ, చదువులో వెనకబడిన పిల్లలకి సాయంత్రం పూట రెండు గంటలు గట్టిగా పాఠం చెప్పి తీరాలి. ముగ్గురేసి పిల్లల్ని ఒక జట్టుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పాలి. చట్టానికి అసలు పేరు మూరెడు పొడుగు. మనవాళ్ళు దాన్ని 'గట్టి ట్యూషన్' అని తేల్చేశారు.

ఆ చట్టం చేసిన మేలు అంతా ఇంతా కాదు! సాయంత్రం పూట క్వార్టర్లలో పిల్లల కేకలు ఆగిపోయాయి. ఏనాడో దూరమైన కునుకులు తల్లులకి తిరిగొచ్చాయి. ఆఫీసర్ల బంగళాల్లో జామకాయలు మొట్టమొదటిసారి చెట్టుమీదే పండాయి. పండిన జామ ఏ రంగులో ఉంటుందో దొరసానులకి అప్పుడే తెలిసింది. ఫుట్‌బాల్ గ్రౌండు పిల్లల చెర వదిలి పెద్దల చేతికొచ్చింది, బొజ్జలున్న గార్డుబాబులు గోల్‌కీపర్లయ్యారు. దోమలకి సైతం ఇల్లిల్లూ తిరిగే శ్రమ తప్పింది. కావలసినవాళ్ళంతా ఒక్కచోటే, కాళ్ళు కదపకుండా దొరికేవాళ్ళు.

ఇన్ని లాభాలున్నాక, 'మరి పాఠం చెప్పేదెవరు?' అని అడగడం మర్యాద కాదు. చట్టాలు చేసే పెద్దల్ని అంత చిన్న చిన్న ప్రశ్నలతో విసిగించకూడదు. పగలంతా చెప్పినవాళ్ళే సాయంత్రమూ చెప్తారు. గొంతు ఉన్నదెందుకు?

న్యూ సెటిల్‌మెంట్‌లోని ఆ చిన్న తెలుగు బడిలో ఆరూ ఏడూ తరగతులకి కలిపి ఒకటే హాలు, ఒకరే టీచరు. ఆవిడ పేరు ఆలిస్. కోస్తా వైపు నుంచి తాతల నాడు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. హాల్లో డెబ్భైమంది పిల్లలు. పగటిపూట ఆవిడ పని పాఠం చెప్పడం కాదు, హాలు కప్పు ఎగిరిపోకుండా చూసుకోవడం. ఆరో తరగతికి లెక్క చెప్తుంటే ఏడో తరగతి కొట్టుకునేది. ఏడో తరగతిని విడదీస్తుంటే ఆరో తరగతి కిటికీలోంచి దూకేది. మధ్యలో జగ్గారావు కూతురు రత్నం చెయ్యెత్తితే, "నీకు వచ్చుగా అమ్మా, కూర్చో" అనేవారు. ఆ పిల్ల రెండేళ్ళుగా అలా కూర్చునే ఉంది.

సాయంత్రం మాత్రం అదే హాలు, అదే టీచరు, వేరే లోకం. డజను మంది వీక్ పిల్లలు చాపల మీద ముగ్గురేసి కూర్చునేవాళ్ళు. ఆవిడ ఒక్కో చాప దగ్గరికీ వెళ్ళి, తానూ కింద కూర్చుని, పేరు పెట్టి పిలిచి, అర్థమయ్యేదాకా చెప్పేవారు. ఎనిమిదో ఎక్కం చెప్పమంటే కడుపునొప్పి వచ్చే తవిటయ్య కొడుకు నెల తిరిగేసరికి మారిపోయాడు. తవిటయ్య ఆ సంగతి జగ్గారావుకి టీ దుకాణం దగ్గర చెప్పుకున్నాడు.

"బావా, నిన్న మా గుంటడు బిన్నాలు సేసినాడు. నాకు బయమేసింది."

"బయమెందుకేటి?"

"మా ఇంట్లో ఎవులికీ రాని పని సేత్తన్నాడు. దిష్టి తగుల్తాదేమో అని."

తంతే బూరెల బుట్టలో పడ్డాడు తవిటయ్య కొడుకు! జగ్గారావు టీ తాగడం మరిచిపోయి ఆ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కారణముంది. ఆ బడిలో ఏడుతో చదువు సరి, ఆపైన తరగతి లేదు. ఫిబ్రవరిలో మేదినీపూర్‌లో జరిగే జిల్లా పరీక్ష నెగ్గితే రత్నానికి ఆడపిల్లల హైస్కూల్లో సీటు. నెగ్గకపోతే పొయ్యి దగ్గర పీట. ఆ పరీక్షకి ఆల్జీబ్రా కావాలి. పగటిపూట ఆ హాల్లో ఆల్జీబ్రా చెప్పడం రథోత్సవంలో సూదిలో దారం ఎక్కించడం లాంటిది. సాయంత్రం చెప్పించుకుందామంటే ట్యూషన్ వీక్ పిల్లలకి మాత్రమే. రత్నానికి లెక్కలు వచ్చు. ఆ పిల్లలో ఉన్న లోపం అదొక్కటే.

ఇక్కడ జగ్గారావు ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన పని నింపురా యార్డులో సిక్ లైన్ మీద. పాడైన వ్యాగన్ మీద సుద్దతో సిక్ అని రాసి ఆ లైన్లోకి తోస్తారు. బాగు చేశాక, పై ఉద్యోగి వచ్చి చూసి ఫిట్ ఇస్తాడు. వ్యాగన్ తన దారిన తాను పోతుంది. రైల్వేలో మనుషులకీ ఇదే పద్ధతి. ఊళ్ళో అమ్మవారి సంబరానికి శెలవు దొరకనివాడికి ముందురోజే కడుపులో నొప్పి పుడుతుంది, సిక్ రాయించుకుంటాడు. సంబరం కాగానే నొప్పి నెమ్మదిస్తుంది, ఫిట్ రాయించుకుని డ్యూటీ ఎక్కుతాడు. ఇందులో మోసమేమీ లేదు, ఇరుపక్షాలకీ మర్యాదగా ఉండే ఏర్పాటు. జగ్గారావు ఎరిగిన లోకంలో సిక్ అంటూ ఉన్నాక ఫిట్ లేకపోవడమన్నది లేదు.

ఆ ధైర్యంతోనే ఇంటికెళ్ళి కూతుర్ని పిలిచాడు.

"రత్నం, ఈ పాలి టెస్టులో తప్పులు రాసీయి. సిక్‌లో పడిపోతావు. ట్యూషన్ సెప్పించుకో. పరీచ్చ ముందర ఫిట్ రాయించీద్దుం."

"తప్పులెలగ రాత్తారు నాన్నా?" అంది రత్నం. నిజంగానే తెలియక అడిగింది.

భార్య పోలమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టింది. "సదువుకునే గుంటకి తప్పులు నేర్పతన్నావా మావా? ఇదేం బుద్ది?"

"నేర్పడం కాదే. నాలుగు నెల్లు లైన్లో పెడతన్నాను, అంతే."

తప్పు రాయడం అలవాటు లేనివాళ్ళకి అదెంత కష్టమో మనబోటివాళ్ళకి తెలియదు. రత్నం ప్రతి లెక్కా ముందు సరిగ్గా కట్టింది. తర్వాత జవాబుకి ఒకటి కలిపింది. కాగితం నిండా అన్నీ తప్పులే, అన్నీ సరిగ్గా ఒక్కటే ఎక్కువ. కాగితం ఇచ్చేసి ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక జగ్గారావుకి అన్నం సహించలేదు. తండ్రయినవాడు చేయదగ్గ పనేనా ఇది అని తనని తానే తిట్టుకున్నాడు.

ఆలిస్ టీచర్ ఆ కాగితం చూశారు, రత్నాన్ని చూశారు, మళ్ళీ కాగితం చూశారు. రిజిస్టర్లో వీక్ అని రాసుకున్నారు. మర్నాటి సాయంత్రం చాప మీద రత్నం పక్కన కూర్చుని మొదటి సమీకరణం వేసి చూపించారు. రెండేళ్ళుగా కూర్చున్న పిల్ల ఆ రోజు లేచింది.

మంచి పని ఒకరు చేస్తే ఊరుకుంటామా? క్వార్టర్లలో సంగతి పొక్కింది. ఫస్టు పిల్లే వీకైతే మా పిల్లలకేం తక్కువని తల్లిదండ్రులందరూ పట్టుబట్టారు. రైల్వేవాళ్ళకి సిక్ రాయించడం ఒకరు నేర్పాలా? దుర్గాపూజ శెలవులయ్యేసరికి ఆ హాల్లో బలమైన పిల్లాడు మందుకైనా మిగల్లేదు. డెబ్భైమందీ వీకే! లెక్క జిల్లాకి వెళ్ళింది. జిల్లావారు కంగారుపడలేదు, సంతోషించారు. ఒక్క బడిలోనే ఇంతమంది బలహీనులుంటే చట్టం ఎంత అవసరమో రుజువైపోలేదా?

డెబ్భైమందిని ముగ్గురేసి కూర్చోబెడితే హాలంతా చాపలే అయింది. చెప్పేందుకు ఆలిస్ టీచర్ ఒక్కరే. దానికీ చట్టం దారి చూపింది. దగ్గర్లో దొరికే సమర్థుల చేత చెప్పించుకోవచ్చునట. దగ్గర్లో దొరికిన సమర్థురాలు రత్నం. ఆ విధంగా ఆ పిల్ల రిజిస్టర్లో వీక్, చాప మీద టీచర్. ఆమె జట్టులో ముగ్గురు పిల్లలు, అందులో ఒకరు ఆమే. తనకి తాను పాఠం చెప్పుకునే విద్యార్థి, తన మాట తానే వినే టీచరు! ఇంత క్రమశిక్షణ మీరే బడిలో చూశారు?

నవంబరులో జగ్గారావు తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హెడ్‌మాస్టర్ గణపతిరావు దగ్గరికి వెళ్ళాడు. జిల్లా పరీక్షకి కూతురి పేరు పంపించమన్నాడు.

"పంపకూడదయ్యా. మీ అమ్మాయి వీక్," అన్నారు గణపతిరావు.

"తెలుసు బాబూ. ఇప్పుడు ఫిట్ రాసీండి."

"అలాంటిది చట్టంలో లేదు." ఆయన పుస్తకం తెరిచి చదివి వినిపించారు. బలహీన విద్యార్థుల లేత మనసులపై ఇతర పరీక్షల భారం మోపరాదు. చట్టం రాసినవాడు దయగలవాడు, అందులో సందేహం లేదు. పిల్లని వీక్ చేయడానికి అందులో మూడు పేజీలున్నాయి. వీక్ పిల్ల మళ్ళీ బాగుపడితే ఏం చేయాలో ఒక్క లైను లేదు. ఆ ప్రమాదం ముంచుకొస్తుందని పాపం ఎవరూ ఊహించలేదు.

"సిక్ ఉండి ఫిట్ నేకపోడమేటి బాబూ? అలగైతే లైనంతా నిండిపోదా?"

"నిండిపోయింది కదయ్యా," అన్నారు గణపతిరావు. హాలు వైపు చూపించి నిట్టూర్చారు. ఆయనా మంచివాడే, చట్టం అడ్డొచ్చింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. జగ్గారావు మాత్రం ధైర్యం వదల్లేదు. హెడ్‌మాస్టరుకి ఇచ్చే అధికారం లేకపోతే, ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి కదా? ఇరవయ్యేళ్ళుగా ఖరగ్‌పూర్‌లో ఫిట్ ఇచ్చేది ఎవరు? రత్నాన్ని వెంటబెట్టుకుని నేరుగా రైల్వే ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టరుబాబు నాలుక చూశాడు, గుండె చూశాడు, కళ్ళ కింద రెప్పలు లాగి చూశాడు.

"అమ్మాయికి ఏమీ లేదు. ఎవరు సిక్ అన్నారు?"

"ఇస్కూలోళ్ళు బాబూ. నాలుగు నెల్లయింది."

డాక్టరుబాబు నవ్వి ఫిట్ అని చీటీ రాసి, కింద సంతకం పెట్టి, రత్నానికి ఒక పిప్పరమెంటు కూడా ఇచ్చాడు. జగ్గారావు ఆ చీటీని జేబులో పదిలంగా పెట్టుకుని బడికి పరిగెత్తాడు. గణపతిరావు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఒంటికి ఫిట్ గానీ లెక్కలకి ఫిట్ కాదన్నారు. ఆ దారీ మూసుకుపోయింది. ఆ రాత్రి నుంచి పోలమ్మ మొగుడితో మాటలు మానేసింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు జగ్గారావు.

డిసెంబరులో జిల్లా నుంచి ఇన్‌స్పెక్టర్ బాబు వచ్చారు. శాలువా కప్పుకున్న పెద్దమనిషి, కోపమంటే ఎరగని మొహం. చాపల మధ్య జాగ్రత్తగా నడుచుకుంటూ రత్నం దగ్గర ఆగారు. బోర్డు మీద ఒక లెక్క వేశారు, చేసింది. ఇంకాస్త కష్టమైంది వేశారు, అదీ చేసింది. మూడోది వేయబోయి, తనకే సరిగ్గా గుర్తురాక సుద్ద కింద పెట్టేశారు.

"ఈ పిల్ల వీకా?" అని బెంగాలీలో అడిగారు.

"రిజిస్టరు ప్రకారం వీకే సార్," అన్నారు గణపతిరావు.

"ఈ జట్టుకి చెప్పేదెవరు?"

"జట్టుకి టీచర్ కూడా ఆ అమ్మాయే సార్."

ఇన్‌స్పెక్టర్ బాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా, మన చట్టం ఎంత బాగా పనిచేస్తోందో," అన్నారు తృప్తిగా.

జగ్గారావు డ్యూటీ దిగి, నూనె బట్టలతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తనకొచ్చిన బెంగాలీలోకి దిగాడు. ఆ బెంగాలీలో సగం తెలుగే.

"దాదా, బాగైపోనాది కదా. ఫిట్ ఇచ్చీండి. పరీచ్చకి ఎల్లాల."

"బాగవుతోంది గనకే తీయకూడదు. మందు పనిచేస్తుంటే మధ్యలో ఆపుతారా? పైగా వీక్ పిల్లకి పరీక్ష ఎందుకు? పాపం, హింస," అన్నారు ఇన్‌స్పెక్టర్ బాబు. ఆయన నిజంగానే జాలిపడ్డారు. రత్నం తల వంచుకుని, చాపలోంచి లేచిన పుల్లని గోటితో గిల్లుతూ కూర్చుంది.

అప్పుడు ఆలిస్ టీచర్ చాప మీంచి లేచారు.

"సార్, ఆ పిల్ల ఎప్పుడూ వీక్ కాదు. టెస్టులో తప్పులు కావాలనే రాసింది. అది నాకు తెలుసు. తెలిసే వీక్ అని రాశాను."

"ఎందుకు రాశారు?"

"పగలు డెబ్భైమందిలో ఆ పిల్లకి చెప్పేందుకు నాకు టైము లేదు. సాయంత్రమైతే ఉంది. ఇంకో టీచర్ని ఇవ్వండి సార్, ఇక్కడ ఒక్కరూ వీక్ కారు."

ఇన్‌స్పెక్టర్ బాబు ఆ చివరి మాట వినలేదు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి కొన్ని మాటలు వినబడవు, అది వాళ్ళ తప్పు కాదు. ఆయనకి మొదటి మాట మాత్రం పట్టుకొమ్మలా దొరికింది. పిల్ల బాగుపడితే తీయడానికి వీల్లేదు. కానీ అసలు పేరు రాయడమే పొరపాటైతే కొట్టేయవచ్చు! అందుకు ఆ పొరపాటు ఎవరిదో తేలాలి.

"అంటే, ఎవరు వీకో ఎవరు కాదో మీకే పోల్చుకోవడం రాలేదన్నమాట," అన్నారు నెమ్మదిగా. "అలా రాసుకుంటే మీకు ఇబ్బంది. వీక్ టీచర్ల కోసం కూడా చట్టంలో ఏర్పాటుంది."

"అలాగే రాసుకోండి సార్. పిల్ల పేరు కొట్టేయండి," అన్నారు ఆలిస్ టీచర్.

"ఠీక్ ఆఛే," అని ఇన్‌స్పెక్టర్ బాబు ఒక పేరు కొట్టేసి, ఇంకో పేరు రాసుకున్నారు.

జగ్గారావుకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. చేతులకి నూనె ఉందని ఆగిపోయాడు. "అమ్మగోరూ, నా గుంట కోసం మీరు సిక్ అయిపోనారు," అన్నాడు.

"ఫర్వాలేదు జగ్గారావు గారూ, నాకూ కాస్త చదువు వస్తుంది," అన్నారావిడ.

వచ్చింది కూడా! ప్రతి శనివారం ఆవిడ మేదినీపూర్ వెళ్ళి గట్టి ట్యూషన్ చెప్పించుకున్నారు. వీక్ టీచర్ల కోసం అక్కడ ఒకటే హాలు, ఒకరే లెక్చరరు, డెబ్భైమంది టీచర్లు. పిల్లల్ని ముగ్గురేసి కూర్చోబెడితే ఎంత బాగా చదువుకుంటారో ఆయన వెనక బెంచీలదాకా అరిచి చెప్పేవారు. ఫిబ్రవరిలో ఒక శనివారం ఆవిడ పక్కన, అదే రైల్లో, రత్నం కూడా కూర్చుంది. ఒకరు పరీక్షకి, ఒకరు ట్యూషన్‌కి. కాసాయి నది వంతెన దాటేదాకా ఇద్దరూ సమీకరణాలు వేసుకున్నారు.

రత్నం నెగ్గింది. జిల్లాలో పైనుంచి నాలుగో పేరు. హైస్కూల్లో సీటు వచ్చింది. పోలమ్మ వీధిలో ప్రతి ఇంటికీ బూరెలు పంపింది, మొగుడితో మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది. జగ్గారావుకి సిక్ లైన్లో ఆ రోజు చూసిన ప్రతి వ్యాగనూ బాగానే ఉన్నట్టు కనబడింది.

సర్కారువారి ఆనందానికీ అంతు లేదు. ఇన్‌స్పెక్టర్ బాబు పైకి నివేదిక పంపారు. ఒకప్పుడు ఒక్క లెక్క కూడా సరిగ్గా చేయలేని ఒక నిర్భాగ్య బాలిక గట్టి ట్యూషన్ మహిమ వల్ల జిల్లాకే వెలుగు తెచ్చిందని రాశారు. ఒక వీక్ టీచరు చేతిలో పడి కూడా నెగ్గిందంటే చట్టం ఎంత బలమైందో ఊహించుకోమన్నారు. ఆలిస్ టీచర్ కూడా సందు చూసుకుని ఒక అర్జీ పంపారు. అందులో రెండే వాక్యాలు: పిల్లలు డెబ్భైమంది ఉన్నారు, ఇంకో టీచర్ని ఇప్పించగలరు.

జవాబు ఎన్నడూ లేనంత తొందరగా వచ్చింది. ఆదివారం చర్చిలో ఆవిడ పాట పూర్తిచేసి బయటికొస్తుంటే, జగ్గారావు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"పైనుండి కాయితం వచ్చినాదట గదమ్మా. అడిగింది ఇచ్చినారా?"

"ఇవ్వలేదు. ఫలితాలు ఇంత బాగున్నాయి గనక, వచ్చే వారం నుంచి ఆదివారం కూడా ట్యూషన్ పెట్టమన్నారు."

"మరి సెప్పేదెవులు?"

ఆలిస్ టీచర్ పాటల పుస్తకం చంకలో పెట్టుకుని బడి వైపు నడిచారు, చాపలు సరిపోతాయో లేదో చూసుకోవడానికి.

చూశారా సర్కారువారి దయ! పొద్దున్న చదువు, సాయంత్రం చదువు, శనివారం చదువు, ఆదివారం చదువు. ఆ పిల్లలకి ఇంకేం కావాలి చెప్పండి, ఒక టీచరు తప్ప?